వడ్రంగి నాన్న జీవితాన్ని పుస్తకంగా వేయాలంటే

పెద్దకర్మ నాటికే పుస్తకం తేవాలని తొందరపడొద్దు. ఆ కొద్ది రోజుల్లో పోగయ్యేవి పొగడ్తలే. అప్పటికి ఫొటో, పేరు, ఊరు, పిల్లల పేర్లు ఉన్న ఒక్క కాగితం చాలు. పుస్తకం సంవత్సరీకానికి పెట్టుకోండి. అది తిథిని బట్టి వస్తుంది కాబట్టి పోయిన తేదీకి 10, 11 రోజుల ముందే పడుతుంది. మధ్యలో అధికమాసం వస్తే ఆ తేదీ దాటాక 18, 19 రోజులకు పడొచ్చు. పురోహితుణ్ణి అడిగాకే ప్రెస్సుకి గడువు చెప్పండి.

ముందు పనిముట్ల సంచి విప్పండి. బాడిస, ఉలులు, చిత్రిక, రంపం, బరమా, మూలమట్టం అన్నీ బయటికి తీసి, కిటికీ పక్కన ఎండ నేరుగా పడని వెలుతురులో, స్కేలు పక్కన పెట్టి ఒక్కొక్కదాన్నీ ఫొటో తీయండి. కొత్తగా కనిపించాలని పిడులను గరుకు కాగితంతో రుద్దారో, ఏళ్ల తరబడి ఆయన చెయ్యి పడి వచ్చిన నునుపు పోతుంది. ఇక తిరిగి రాదు. పిడికి పొడిగుడ్డ చాలు. ఇనుము తుప్పు పట్టి ఉంటే కిరోసిన్‌తో తడిపిన గుడ్డతో తుడిచి, కుట్టుమిషను నూనె రెండు చుక్కలు రాయండి. కొబ్బరినూనె వద్దు, కొన్నాళ్లకు జిగురై దుమ్ము పట్టేస్తుంది.

తర్వాత ఆయన చేసినవి ఏ ఇళ్లలో ఉన్నాయో వెతుకుతూ ఊరు తిరగాలి. అసలు పుస్తకం దొరికేది ఇక్కడే. ద్వారబంధం, మంచం, బండి, ఏది కనబడినా ఎవరిది, ఏ ఏడు చేశాడు, ఏ కర్ర, పక్కన చెయ్యి వేసిందెవరు, ప్రతిఫలం ఏమిటి అన్నవి అక్కడే రాసుకోండి. కూలి డబ్బుగా ఇచ్చారా, కోతలప్పుడు మేరగా, అంటే పనికి బదులు ధాన్యంగా కొలిచారా? పాత రైతులుంటే ఏటా ఎంత ధాన్యం కొలిచేవారో, నాగలి, గుంటక, గొర్రు బాగుచేయడం అందులోనే కలిసేదో లేదో తప్పక అడగండి. పిల్లల ఫీజులు, పెళ్లిళ్లు ఎలా గట్టెక్కించాడో ఆ లెక్క లేకుండా అర్థం కాదు.

“ఆయన ఎలాంటివాడు?” అని అడిగితే “దేవుడిలాంటి మనిషి” అంటారు, మాట అక్కడితో ఆగిపోతుంది. గడప దగ్గరే నిలబడి “ఈ ద్వారబంధం ఎత్తిన రోజు ఏం జరిగింది బాబాయ్?” అని అడగండి. ఫోనులో రికార్డు చేసేటప్పుడు ఫ్యాను ఆపండి, లేకపోతే ముసలివాళ్ల గొంతు ఆ హోరులో కలిసిపోతుంది. అమ్మతో మాత్రం విడిగా, పిల్లలెవరూ అందుకోకుండా మాట్లాడాలి. పనినుంచి వస్తూ ఏం తెచ్చేవాడు, డబ్బు ఎవరి చేతికిచ్చేవాడు, మిగిలిన చెక్కముక్కలతో ఇంటికేం చేశాడు? నడక నేర్చుకునే మూడుచక్రాల బండి, పీట, పప్పుగుత్తి, కవ్వం ఇలా ఒక్కొక్కటీ బయటపడతాయి. వాటిని ఎవరికోసం చేశాడో పేరుతో సహా రాయండి.

పుట్టిన తేదీ దగ్గర జాగ్రత్త. బడిలో వేయించిన తేదీ చాలాసార్లు ఉజ్జాయింపే. ఇంట్లోవాళ్లు తెలుగు సంవత్సరం చెబితే మాసం కూడా అడగండి. క్రోధి అంటే 1964 ఉగాది నుంచి 1965 ఉగాది దాకా. క్రోధి మాఘంలో పుడితే అది 1965 అవుతుంది, 1964 కాదు. ఇంకా పెద్దవాళ్లయితే అరవై ఏళ్లు వెనక్కి లెక్కపెట్టాలి. పనుల ఏళ్లు గుర్తు లేకపోతే 1977 దివిసీమ ఉప్పెన, 1986 గోదావరి వరద లాంటివాటికి ముందా వెనకా అని అడిగితే తేలుతుంది.

పాత ఫొటోలను 600 డీపీఐలో స్కాన్ చేయించండి. అద్దానికి అంటుకుపోయినదాన్ని లాగితే బొమ్మ ఊడి అద్దానికే ఉండిపోతుంది, అద్దంతోనే స్కాన్ చేయాలి. వాట్సాప్‌లో ఫొటోగా పంపితే నాణ్యత తగ్గుతుంది, డాక్యుమెంటుగా పంపండి.

ఏ5 సైజు, 16 పేజీలు, మధ్యలో పిన్ను: ఇంతకన్నా పెద్దది అక్కర్లేదు. పిన్ను పుస్తకానికి పేజీలు నాలుగు చొప్పునే పెరుగుతాయి, 18 కుదరవు. అక్షరం 14 పాయింట్లకు తగ్గితే ఆయన ఈడువాళ్లు చదవలేరు. మీరిచ్చిన యూనికోడ్ మాటలను ప్రెస్సులో పాత ఫాంటులోకి మారిస్తే వత్తులు చెదురుతాయి కాబట్టి ఫాంటు మార్చిన తర్వాతే ప్రూఫు చూడాలి, అదీ కాగితం మీదే. వంశవృక్షం పేజీని ఇంటి పెద్దావిడ ఒకరికి చదివి వినిపించండి. పెళ్లయి వెళ్లిన ఆడపిల్లల పేర్లు, చిన్నప్పుడే పోయిన బిడ్డల పేర్లు తప్పిపోయేది అందులోనే.

చివరి రెండు పేజీలు గీతలతో ఖాళీగా వదలండి. సంవత్సరీకం రోజున ఒక కాపీని భోజనాల దగ్గర, తాడుతో కట్టిన పెన్సిలుతో ఉంచండి. ఎవరింట్లో ఏ తలుపు ఆయన చేసిందో అప్పుడు ఇంకొందరు రాసి వెళతారు.