ఫ్రీజర్‌లో ఉల్లి సమోసాలు

చుట్టాలు చెప్పాపెట్టకుండా వస్తే టీతో పాటు ఏం పెట్టాలా అని టెన్షన్. ఇరానీ హోటళ్లలో ఇచ్చే చిన్న ఉల్లి సమోసాలు ముందే చుట్టి పెట్టుకోండి. సన్నగా తరిగిన 2 పెద్ద ఉల్లిపాయల్లో అరకప్పు పల్చటి అటుకులు, 2 పచ్చిమిర్చి, కొత్తిమీర, ఉప్పు, కారం కలపండి. ఉల్లి వదిలే నీటిని అటుకులే పీల్చేస్తాయి, అసలు కిటుకు అదే. రెడీమేడ్ సమోసా పట్టీల్లో పెట్టి, మైదా పేస్టుతో అంచులు అతికించి, పళ్లెంలో ఒకదానికొకటి తగలకుండా ఫ్రీజర్‌లో 2 గంటలు ఉంచి, గట్టిపడ్డాక జిప్ కవర్లో వేసేస్తే నెల రోజులు బాగుంటాయి. వేయించేటప్పుడు కరగనివ్వకుండా నేరుగా నూనెలో వేసి మధ్యస్థంగా మంట పెట్టండి, పెద్ద మంటైతే పైన ఎర్రబడి లోపల చల్లగానే ఉంటుంది. కరెంటు పోయి మెత్తబడ్డవి మాత్రం మళ్లీ ఫ్రీజర్‌లో పెట్టొద్దు, నూనెలో విచ్చిపోతాయి.