లేపాక్షి నుంచి ధర్మవరం దాకా: ఒక సీమ కళను దగ్గరగా చూడటం ఎలా?

లేపాక్షికి వచ్చేవాళ్లలో చాలామంది గంటలో చూసేసి వెళ్లిపోతారు. వేలాడే స్తంభం కింద గుడ్డ దూర్చి లాగుతారు, నంది దగ్గర ఫొటో దిగుతారు, తిరుగు బస్సెక్కేస్తారు. తలెత్తి పైకప్పు మీది రంగుల చిత్రాలు చూసేవాళ్లు తక్కువ. ఆ చుట్టుపక్కలే పట్టుగూళ్ల మార్కెట్ ఉంది, తోలుబొమ్మలు చేసే ఊరుంది, ఇంటింటా మగ్గం ఆడే పట్నం ఉంది. ముందు గుడి, తర్వాత బొమ్మలు, ఆ తర్వాత చీరలు అనే వరసలో చూస్తే ఒకదానిలో చూసిన గీత ఇంకోదానిలో పలకరిస్తుంది. అందుకే పది ఊళ్లు పెట్టుకోకుండా ఈ ఒక్క మూలకే మూడు రోజులు కేటాయించమంటాను.

1. కాలం, దారి చూసుకోండి

అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. ఎండాకాలంలో ఆ రాతి నేల మీద చెప్పుల్లేకుండా నిలబడటం కష్టం. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం మూడూ బెంగళూరు–గుంతకల్ రైలు దారిలోనే ఉన్నాయి. హిందూపురం నుంచి లేపాక్షి సుమారు 15 కిలోమీటర్లు, బస్సులు, ఆటోలు దొరుకుతాయి. ఫాల్గుణంలో వెళ్లేట్టయితే కదిరి నరసింహస్వామి రథోత్సవం తేదీ కూడా కనుక్కోండి. కదిలే తేరు మీదికి భక్తులు మిరియాలు, పండ్లు విసురుతారు. ఆ జనంలో నిలబడి చూడాల్సిందే.

2. లేపాక్షిలో పైకప్పు నుంచి మొదలుపెట్టండి

గుడి తెరిచే వేళకే చేరుకోండి. బస్సుల్లో జనం దిగకముందు మండపాలు ఖాళీగా ఉంటాయి. వీలైతే ఒక చిన్న బైనాక్యులర్ పట్టుకెళ్లండి, బొమ్మల అంచులు బాగా కనిపిస్తాయి. ఫ్లాష్ మాత్రం వాడొద్దు, పాత రంగులకు అది చేటు.

ఇది 16వ శతాబ్దపు గుడి. విజయనగర రాజు అచ్యుతదేవరాయల కాలంలో విరూపణ్ణ, వీరణ్ణ అనే అన్నదమ్ములు కట్టించారు. ఆ అన్నదమ్ములు కూడా పైకప్పు చిత్రాల్లో ఉన్నారు, పొడవాటి టోపీలు పెట్టుకుని, పరివారంతో సహా. ముందు వాళ్లను వెతకండి. తర్వాత వీరభద్రుడి దగ్గరికి రండి. సుమారు 24 అడుగుల పొడవు, 14 అడుగుల వెడల్పున్న ఒక్క బొమ్మ అది. పార్వతీ కల్యాణం, కిరాతార్జునుల కథ, ద్రౌపదీ స్వయంవరం ఒక్కొక్కటిగా చదువుకుంటూ పోవచ్చు.

ఇక్కడ రెండు విషయాలు మనసులో పెట్టుకోండి. మొదటిది మొహాలు. చాలావరకు పక్కకు తిరిగి ఉంటాయి, ముక్కు సూటిగా, కన్ను పెద్దగా, చుట్టూ నల్లటి గీత. రెండోది చీరలు. ఎర్రమట్టి రంగు నేపథ్యం మీద ఆడవాళ్లు కట్టిన చీరల్లో గళ్లు, చారలు, పువ్వులు, హంసలు కనిపిస్తాయి. ఒక్కో చీరది ఒక్కో అంచు. నోట్‌బుక్‌లో నాలుగైదు అంచులు గీసుకోండి. బొమ్మ వేయడం రాకపోయినా పర్వాలేదు, గీసేటప్పుడే కంటికి ఆనుతుంది. బయట లతామండపం స్తంభాల మీద కూడా ఇలాంటి నమూనాలే చెక్కి ఉన్నాయి. చీరల మీద లేపాక్షి డిజైన్లని మనం పిలుచుకునేవి ఇక్కడివే.

నంది ఊరి మొదట్లో వేరుగా ఉంటుంది, ఒకే రాతిలో, సుమారు 27 అడుగుల పొడవు. మెడలో గంటల పట్టీ దగ్గర ఆగి ఆ చెక్కడం చూడండి.

3. ఆ ఊరి తిండి అడిగి తినండి

పొద్దున బొరుగులతో చేసే ఉగ్గాణి, మిరపకాయ బజ్జీ. మధ్యాహ్నం రాగిసంగటి, పక్కన చెనిక్కాయల (వేరుశనగల) ఊరుబిండి అనే పచ్చడి. పెద్ద హోటళ్లలో ఇవి దొరకకపోవచ్చు, చిన్న మెస్సుల్లో అడగండి. చెనిక్కాయ ఈ నేల పంట, ఆ రుచి ఇక్కడ వేరుగానే ఉంటుంది.

4. హిందూపురంలో పట్టుగూళ్ల మార్కెట్‌కు ఒక పొద్దున

చీర కొనే ముందు పట్టు ఎక్కడ మొదలవుతుందో చూస్తే మంచిది. చుట్టుపక్కల మల్బరీ సాగుచేసే రైతులు గూళ్లు తెచ్చి ఇక్కడ అమ్ముకుంటారు. తెల్లవి బైవోల్టీన్ అనే పట్టుపురుగు రకం, పసుపువి సంకర రకం. గూళ్ల వేలం పాటల వేళ రైతుకు ప్రతి నిమిషం విలువైనదే కాబట్టి దారికి అడ్డం లేకుండా పక్కన నిలబడండి.

5. నిమ్మలకుంటలో తోలుబొమ్మ పుట్టడం చూడండి

ధర్మవరం దగ్గరి ఈ ఊరికి నేనైతే సగం రోజు తక్కువ కాకుండా ఇస్తాను. తరతరాలుగా తోలుబొమ్మలాట ఆడిన కుటుంబాలు ఇక్కడున్నాయి. ఇళ్లలో ఒక రకం మరాఠీ మాట్లాడుకుంటారు, ఆట మాత్రం తెలుగులోనే. ఈ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. ఆంధ్రప్రదేశ్ తోలుబొమ్మలకు 2008లోనే భౌగోళిక గుర్తింపు దక్కింది.

ముందే ఫోన్ చేసి వెళ్లడం మర్యాద. గుమ్మం దగ్గర "అనా, పని జరుగుతా ఉందా? చూడొచ్చా?" అని అడిగితే "రాండి, కూచోండి" అనే మాటే ఎక్కువగా వినిపిస్తుంది. ఫొటో తీసే ముందు అడగండి, ముఖ్యంగా పిల్లల్ని, పనిలో ఉన్న ఆడవాళ్లను.

మేకతోలును నానబెట్టి, వెంట్రుకలు గీకేసి, బిగలాగి ఎండబెడతారు. అది పల్చగా, వెలుతురు దూరేలా తయారవుతుంది. దాని మీద బొమ్మ గీసి, రూపాన్ని కత్తిరిస్తారు. అసలు పని ఆ తర్వాత. చిన్న ఉలి నిలబెట్టి, పైనుంచి దెబ్బ వేస్తూ చిల్లులు పొడుస్తారు. గుండ్రటి చిల్లు, చుక్క చిల్లు, గీత చిల్లు, ఇలా వరసలు వరసలుగా. సీతమ్మ మెడలో హారం, చెవి కమ్మ, వడ్డాణం అన్నీ ఈ చిల్లులే. తెర వెనక దీపం పెట్టగానే అక్కడ నగలు మెరుస్తాయి. రంగు రెండు వైపులా వేస్తారు. చేతులు, కాళ్లు విడిగా చేసి దారంతో కలుపుతారు కాబట్టి బొమ్మ కదులుతుంది.

ఇప్పుడు ఆ మొహం చూడండి. సూటి ముక్కు, పెద్ద కన్ను, నల్లటి గీత. లేపాక్షి పైకప్పు గుర్తొస్తుంది.

రాముడు, రావణుడి గురించే కాదు, జుట్టుపోలిగాడు, బంగారక్కల గురించి కూడా అడగండి. కథ నడుమ వచ్చి నవ్వించే వీళ్ల మాటల్లో ఆ ఊళ్ల యాస, ఎత్తిపొడుపు ఉంటాయి. పెద్దవాళ్లను కదిలిస్తే రెండు సంభాషణలు అక్కడికక్కడే వినిపిస్తారు.

ఇక కొనడం. ఇప్పుడు లాంప్‌షేడ్లు, గోడకు తగిలించే బొమ్మలు ఎక్కువగా చేస్తున్నారు. బొమ్మను వెలుతురుకు పట్టి చూడండి. చిల్లుల అంచులు శుభ్రంగా ఉండాలి, రంగు రెండు వైపులా సమానంగా పడాలి. తోలులోని చారలు లోపం కాదు. దీనికి ఎన్ని రోజులు పట్టిందని అడిగాక ఎంతకిస్తారని అడగండి, అప్పుడు బేరం ఆడాలనే అనిపించదు. ఇంట్లో తేమ తగలని చోట ఉంచండి, తడిస్తే తోలు ముడుచుకుంటుంది.

6. ధర్మవరంలో షాపు కంటే ముందు మగ్గం

పట్టుచీరల దుకాణాలు అడుగడుగునా ఉంటాయి. వాటికి ముందు మగ్గాలున్న వీధుల్లో నడవండి. శబ్దమే దారి చూపిస్తుంది. పడుగు ఎలా సాగదీశారో, అడ్డదారం తీసుకెళ్లే నాడె అటూ ఇటూ ఎలా పోతుందో, పైన అట్టల మీది చిల్లులు డిజైన్‌ను ఎలా నడిపిస్తాయో నిదానంగా చూడండి. నేసే మనిషి చేయి ఆపే దాకా మాట కలపొద్దు, లెక్క తప్పితే అంచు చెడుతుంది. మీ నోట్‌బుక్‌లో గీసుకున్న లేపాక్షి అంచులు చూపించండి. దానికి దగ్గరగా ఉన్న చీర ఉంటే తీసి పరుస్తారు.

మరమగ్గం చీరను చేమగ్గం చీరగా చెప్పి అమ్మడం ఎక్కడైనా ఉన్న బెడద. సిల్క్ మార్క్ ఉంటే పట్టు అసలుదని తెలుస్తుంది. చేతిదా కాదా అన్నది దాంతో తేలదు, దానికి హ్యాండ్లూమ్ మార్క్ చూడాలి. మగ్గం మీద చూసి, నేసినవాళ్ల దగ్గరే తీసుకోవడం అన్నిటికంటే నయం.

7. ఒక ఆట పెట్టించండి

తెర, దీపం, హార్మోనియం, తాళాలు, కాలి కింద చెక్కల చప్పుడు కలిస్తేనే తోలుబొమ్మలాట. నాలుగు కుటుంబాలు కలిసి ఖర్చు పంచుకుంటే మీ ఊళ్లోనే, మీ అపార్ట్‌మెంట్ ఆవరణలోనే ఆడించుకోవచ్చు. నిమ్మలకుంటలో ఉన్నప్పుడే బృందం నంబరు తీసుకోండి. ఎంతమంది వస్తారు, ప్రయాణం, భోజనం, బస ఎలా, ఎంత ఇవ్వాలి అన్నీ ముందే మాట్లాడుకోండి, కొంత అడ్వాన్సు ఇవ్వండి. ఏ కథ కావాలో వాళ్లనే అడగండి. కనీసం రెండు గంటలు ఆడనివ్వండి, పది నిమిషాల ఐటమ్‌గా కుదించొద్దు. పిల్లల్ని మొదటి వరసలో కూచోబెట్టండి. ఆట అయ్యాక తెర వెనక్కి తీసుకెళ్లి, ఒక బొమ్మ చేతికివ్వమని అడగండి.