రేసుకి ముందు గడ్డిలో భుజాలు రాసుకోండి

గుంపుగా తొక్కే సైకిల్ రోడ్ రేసుకి కొత్తగా దిగేవాళ్లంతా కాళ్ల బలం మీదే పడతారు, నేనూ అంతే. మొదటి రేసులో నా పని పట్టింది మాత్రం ముందువాడి వెనక చక్రం. అతను గుంత తప్పించబోయి జానెడు కుడికి జరిగాడు, అప్పటికే నా ముందు చక్రం అతని వెనక చక్రం పక్కకి దూరిపోయి ఉంది, రెండూ రాసుకున్నాయి, అతనికి ఏమీ కాలేదు, నేను మోచెయ్యి చీరుకుపోయి రోడ్డు మీద ఉన్నాను. ఎక్కువగా పడేది వెనకవాడే. బ్యాలెన్స్ నిలిపేది ముందు చక్రం కాబట్టి దాన్ని తిప్పుకునే చోటు లేకపోతే సైకిల్ నిలవదు.

అందుకే ముందు గడ్డి ఉన్న గ్రౌండ్‌కి వెళ్లండి. ఇంకొకరిని తోడు తీసుకుని, నడక వేగంతో పక్కపక్కనే తొక్కుతూ భుజంతో భుజాన్ని మెల్లగా నెట్టుకోండి. మోచేతులు కాస్త వంచి వదులుగా పెట్టాలి. బిగబట్టి చాపారంటే తగిలిన దెబ్బ నేరుగా హ్యాండిల్‌కి పోతుంది. రెండు మూడు ఆదివారాలు చేస్తే ఎవరైనా తగిలినా ఉలిక్కిపడటం పోతుంది, గుంపులో సగం టెన్షన్ అదే.

తర్వాత వెనక తొక్కడం. గాలిని ముందువాడు అడ్డుకుంటాడు కాబట్టి మంచి చోటు దొరికితే పాతిక, ముప్పై శాతం శ్రమ తగ్గుతుంది, కానీ మొదట సైకిల్ పొడవంత దూరం ఉంచి, అలవాటయ్యాక అర మీటరుకి రండి. చూపు టైరు మీద పెట్టకండి, ముందువాడి భుజాల మీదుగా ఇంకో ఇద్దరు ముగ్గురి అవతలికి చూడండి. గాలి కుడి నుంచి కొడుతుంటే కొంచెం ఎడమకి జరగండి, చక్రం మాత్రం దూర్చకండి.

ఇక బ్రేకులు. హైదరాబాద్ ట్రాఫిక్‌లో తొక్కేవాళ్లకి సందుల్లోంచి దూరడం ఎవరూ నేర్పక్కర్లేదు, గట్టిగా బ్రేక్ నొక్కే అలవాటే వదిలించుకోవాలి. దగ్గరైపోతే ముందు తొక్కడం ఆపండి, ఛాతీ పైకెత్తి గాలికి అడ్డం పెట్టండి, అప్పటికీ తగ్గకపోతే వేలితో తాకినట్టు బ్రేక్.

మలుపుల దగ్గర గుంపు చివర ఉండకండి. ముందువాళ్లు కొంచెం నెమ్మదిస్తే వెనకవాళ్లు దాదాపు ఆగాల్సి వస్తుంది, మళ్లీ అందుకోవాలంటే ప్రతి మలుపు తర్వాతా ఒక స్ప్రింట్.

సీటు మీద నుంచి లేచేటప్పుడు సైకిల్ కొన్ని అంగుళాలు వెనక్కి జారుతుంది, వెనకవాడి ముందు చక్రం అక్కడే ఉంటుంది. లేచే ముందు ఒక బరువైన గేరుకి మార్చి, పెడల్‌ని కిందికి తొక్కుతూనే లేవండి. ఇది ఒంటరిగా కూడా సాధన చేసుకోవచ్చు.

గుంపుగా తొక్కడానికి హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు (ఓఆర్ఆర్) పక్కన సోలార్ ప్యానెళ్లే పైకప్పుగా ఉన్న సైకిల్ ట్రాక్ మాత్రం వద్దు. 23 కిలోమీటర్లు బాగానే ఉంటుంది గానీ వెడల్పు 4.5 మీటర్లే, ఎదురుగా పిల్లలు వస్తుంటారు.