వానాకాలంలో ఏడీ పని: విమానం స్కిన్‌కు డ్రిల్లు పెట్టే ముందు

చెన్నైకి ఈశాన్య రుతుపవనాలు అక్టోబరు రెండో సగంలో వస్తాయి. అప్పటి నుంచి డిసెంబరు దాకా, విమానాశ్రయం ఉన్న మీనంబాకం చుట్టుపక్కల హ్యాంగర్లలో పని చేసేవాళ్లకు గాలిలో తేమ, నేల మీద నీళ్లు, నెత్తి మీద గడువులు. వానలు తగ్గాక చేద్దాంలే అనడానికి ఏడీ అనే భద్రతా ఆదేశం ఒప్పుకోదు. నెల్లూరు, తిరుపతి, కడప వైపు నుంచి వచ్చి ఇక్కడే చదువుకుని ఇక్కడే ఉద్యోగంలో చేరిన మన పిల్లలు ఈ హ్యాంగర్లలో చాలామంది ఉన్నారు. వారిలో ఈ సీజనులో మొదటిసారి స్ట్రక్చర్ పనికి దిగబోయే తమ్ముళ్లు, చెల్లెళ్ల కోసం ఇది రాస్తున్నాను.

ఏడీ అంటే ఎయిర్‌వర్తీనెస్ డైరెక్టివ్. ఒక రకం విమానంలో భద్రతకు ముప్పు తెచ్చే లోపం బయటపడితే, ఆ డిజైనుకు బాధ్యత వహించే దేశపు నియంత్రణ సంస్థ దాన్ని జారీ చేస్తుంది. బోయింగ్ అయితే అమెరికా ఎఫ్‌ఏఏ, ఎయిర్‌బస్ అయితే ఐరోపా ఈఏఎస్‌ఏ. మన దేశంలో నమోదైన విమానాలు దాన్ని పాటించి తీరాలని మన పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నిబంధన. తయారీదారు పంపే సర్వీస్ బులెటిన్ మామూలుగా సలహా మాత్రమే. దాని ప్రకారం చేయాలని ఏడీ చెప్పిందంటే ఇక అది చట్టం. కొన్ని ఏడీలు పరీక్షతో సరిపెడతాయి. కొన్ని విమానం దేహాన్నే మార్చమంటాయి: డబ్లర్ (బలం కోసం పైన వేసే అదనపు రేకు) వేయాలి, ఫిట్టింగు మార్చాలి, రంధ్రాలను కోల్డ్ వర్క్ చేసి (వేడి చేయకుండా సాగదీసి గట్టిపరచి) పెద్ద సైజు ఫాస్టెనర్లు (రివెట్లు, బోల్టుల లాంటివి) బిగించాలి. ఈ రెండో రకం గురించే నా భయం. పాత ముప్పును తీసేయడానికి మనం స్కిన్ (విమానం పైరేకు) కోస్తాం, రివెట్లు ఊడదీస్తాం, కొత్త రంధ్రాలు వేస్తాం. పాత పగులును ఆపబోయి కొత్త పగులుకు మన చేత్తోనే చోటు ఇవ్వగలం. అది వెంటనే బయటపడదు. ఏళ్ల తర్వాత, వేల టేకాఫుల తర్వాత బయటపడుతుంది.

పని మొదలయ్యే రోజున కాదు, వారం ముందే ఏడీని మొదటి నుంచి చివరి వరకు చదవండి. వర్క్ కార్డు చదివాం కదా అని ఊరుకోవద్దు, అది ఎవరో చదివి రాసిన సారాంశం. మీ విమానం సీరియల్ నంబరు జాబితాలో ఉందా, బులెటిన్‌లో ఏ రివిజన్‌ను ఏడీ పేర్కొంది, గడువు గంటల్లో ఉందా, సైకిళ్లలో ఉందా, క్యాలెండరు రోజుల్లోనా, వాటిలో ఏది ముందు వస్తే అదా, మీరే చూసుకోండి. ఒక టేకాఫ్, ఒక ల్యాండింగ్ కలిస్తే ఒక సైకిల్. చెన్నై–బెంగళూరు, చెన్నై–హైదరాబాద్ లాంటి చిన్న దూరాలు తిరిగే విమానానికి గంటలు తక్కువ కనిపించినా సైకిళ్లు గబగబా పెరిగిపోతాయి. కేబిన్‌లో గాలి నింపడం, వదలడం ప్రతి సైకిల్‌కూ జరుగుతుంది కాబట్టి ఫ్యూజలాజ్‌కు, అంటే విమానం మొండేనికి, అసలు వయసు ఆ లెక్కే.

ఏడీ పరిధి గురించి చెప్పాలంటే అలోహా ఎయిర్‌లైన్స్ 243ను తలచుకోవాలి. 1988 ఏప్రిల్ 28న, 89,680 సైకిళ్లు దాటిన బోయింగ్ 737 పైకప్పులో పెద్ద భాగం 24,000 అడుగుల ఎత్తులో ఊడిపోయింది. ఒక విమాన సిబ్బంది ఆ గాలిలోకి కొట్టుకుపోయి చనిపోయారు. స్కిన్ ప్యానెళ్లు ఒకదానిపై ఒకటి కలిసే ల్యాప్ జాయింట్లలో అంటుపదార్థం విడిపోయి, తుప్పు చేరి, రివెట్ రంధ్రాల నుంచి పగుళ్లు పాకాయి. ఆ జాయింట్లపై అప్పటికే ఏడీ ఉంది. కానీ బులెటిన్ సూచించిన జాయింట్లన్నిటినీ కాకుండా కొన్నిటినే పరీక్షించాలని ఆ ఏడీ అడిగింది. అందుకే, ఏడీ కనీస హద్దు మాత్రమే అనుకుని చదవండి. ప్యానెల్ విప్పినప్పుడు పక్క ఫ్రేములో తుప్పు కనిపిస్తే, అది మన ఏడీలో లేదని మూసేయకండి. రాయండి. హవాయిలోని హిలోలో ఆ విమానం ఎక్కుతున్నప్పుడు తలుపు దగ్గర ఒక పగులు చూసిన ప్రయాణికురాలు ఎవరికీ చెప్పలేదు. ఆమెకు అది ఏమిటో తెలియదు. మనకు తెలుసు.

గడువు సంగతి కూడా అంతే. బోయింగ్ 747 సరుకు తలుపు లాక్ సెక్టార్లకు (తలుపు గడియలు తెరుచుకోకుండా ఆపే భాగాలకు) ఉక్కు పట్టీలు వేసి బలపరచాలని 1988లో ఏడీ వచ్చింది, నెలల తరబడి గడువుతో. ఆ మార్పు ఇంకా జరగని యునైటెడ్ 811 తలుపు 1989 ఫిబ్రవరి 24న హోనొలులు నుంచి బయలుదేరిన కాసేపటికి ఊడిపోయి 9 మంది కొట్టుకుపోయారు. ఆ తర్వాత ఆ గడువును 30 రోజులకు కుదించారు. గడువు చివరి తేదీకి పని పెట్టుకోవడం చట్టరీత్యా తప్పు కాదు. కానీ చెన్నైలో నవంబరు చివర ముగిసే గడువున్న పనిని సెప్టెంబరులోనే చేయించమని ప్లానింగ్ వాళ్లను అడగడం మీ హక్కు. అడగండి.

జాకీల మీద ఉన్న విమానం, తుపాను హెచ్చరిక

2015 డిసెంబరు మొదట్లో అడయారు నది పొంగి చెన్నై విమానాశ్రయం కొన్ని రోజులు మూతపడింది. 2023 డిసెంబరులో మిగ్‌జాం తుపానుకు రన్‌వే మళ్లీ నీట మునిగింది. స్కిన్ విప్పి, జాకీలపై నిలబెట్టిన విమానంతో అలాంటి రాత్రి గడపడం ఎవరికీ వద్దు. పెద్ద ప్యానెల్ తీయడానికి ముందు నుంగంబాకం వాతావరణ కేంద్రం సూచన చూసి, పని ఎన్ని రోజులు పడుతుందో, మధ్యలో ఆపితే విమానాన్ని ఏ దశలో దించగలమో షిఫ్టు ఇన్‌చార్జితో కలిసి కాగితం మీద రాసుకోండి. దించలేని దశ ఏదో ముందే తెలియాలి. బరువు మోసే ప్యానెల్ తీస్తే ఆ బరువు వేరే చోటికి పోతుంది. షోరింగ్ (బరువు మోసే తాత్కాలిక ఆసరా) ఎక్కడ పెట్టమని డ్రాయింగు చెప్పిందో అక్కడే పెట్టాలి, ఒకేసారి ఎన్ని ఫాస్టెనర్లు తీయమందో అన్నే తీయాలి. అందులో ఏ కొంచెం కదిలినా కొత్త భాగం రంధ్రాలు పాత రంధ్రాలతో కలవవు. అప్పుడు బలవంతంగా లాగి బిగించిన ఒత్తిడి ఆ జాయింటులోనే ఉండిపోతుంది.

గాలి ఎక్కువగా ఉన్నప్పుడు హ్యాంగరు తలుపులు తెరవనివ్వకండి. కిట్లు, ఎక్స్‌టెన్షన్ బోర్డులు నేల మీద పెట్టవద్దు. తడి నేల మీద కరెంటు డ్రిల్లు కన్నా గాలితో తిరిగే డ్రిల్లు మేలు.

రంధ్రం

పనిలో సగం జాగ్రత్త ఇక్కడే కావాలి. ఫాస్టెనర్ రంధ్రం దగ్గర ఒత్తిడి మిగతా షీటు కన్నా కొన్ని రెట్లు ఎక్కువ. పగులు పుట్టేది అక్కడే. కాబట్టి ప్రతి రంధ్రాన్నీ దానికదే ఒక పనిగా చూడండి.

ముందు కొత్త డబ్లర్ పెట్టి, అంచు దూరం కొలవండి. రంధ్రం మధ్య నుంచి షీటు అంచు దాకా కనీసం వ్యాసానికి రెండింతలు అన్నది సాధారణ లెక్క. డ్రాయింగు అంతకన్నా ఎక్కువ అడిగితే డ్రాయింగు మాటే చెల్లుతుంది. మొదట చిన్న పైలట్ రంధ్రం, తర్వాత సైజు పెంచడం, చివర రంధ్రాన్ని నునుపుగా సరైన కొలతకు తెచ్చే రీమరు. డ్రిల్లు షీటుకు నిట్టనిలువుగా ఉందో లేదో గైడ్ బుష్‌తో చూసుకోవాలి, చేతి అంచనాతో కాదు. రంధ్రం వంకరగా పోయి ఎనిమిది అంకెలా వచ్చిందా? అక్కడితో ఆపండి. పెద్ద సైజు పిన్ను పెట్టేద్దామని మీరు నిర్ణయించకూడదు. దానికి తయారీదారు సమాధానం కావాలి, ఏడీ పద్ధతి మారుతుంటే నియంత్రణ సంస్థ ఆమోదించిన ప్రత్యామ్నాయం కావాలి. తయారీదారు ఇంజనీరు ఈ-మెయిల్‌లో ఫరవాలేదని రాసినంత మాత్రాన ఏడీకి అది చాలదు.

కలిపి డ్రిల్ చేసిన షీట్లను అలాగే రివెట్ చేయడం నేను చూసిన చెడ్డ అలవాట్లన్నిటిలోకీ చెడ్డది. షీట్లను తాత్కాలికంగా పట్టి ఉంచే క్లీకోలు తీయండి. షీట్లను విడదీయండి. మధ్యలో సన్నటి అల్యూమినియం చిప్స్ చిక్కుకుని ఉంటాయి, రంధ్రం చుట్టూ రెండు వైపులా పదునైన బర్ (డ్రిల్లు లేపిన లోహపు అంచు) లేచి ఉంటుంది. అది ఉండగా బిగిస్తే షీట్లు పూర్తిగా ఆనవు, ఆ సందులోకి తేమ చేరుతుంది. రెండు వైపులా బర్ తీసి, తుడిచి, టార్చి పక్క నుంచి వేసి చూడండి. ఆ తర్వాతే కెమికల్ పూత, తుప్పు ఆపే ప్రైమర్, సందులు మూసే సీలెంట్. విడదీయడానికి టైము లేదని ఎవరైనా అంటే, ఆ మాట వర్క్ కార్డు మీద రాసి ఇమ్మని అడగండి.

పాత సీలెంట్, పాత పెయింట్ తీసేటప్పుడు స్టీలు కత్తి ముట్టుకోవద్దు. ప్లాస్టిక్ గీకుడు పరికరాలే వాడండి. ల్యాప్ జాయింట్ల వెంబడి కత్తితో పెయింట్, సీలెంట్ కోసినప్పుడు పడ్డ గీతల నుంచి పగుళ్లు మొదలవుతాయని తేలడంతో 737లపై ప్రత్యేకంగా ఏడీలే వచ్చాయి. వేలిగోరుకు తగలనంత సన్నటి గీత కూడా లెక్కలోకి వస్తుంది. గీత పడితే, పెయింటు కింద కప్పేయకుండా అప్పుడే చెప్పిన మనిషిని తిట్టే ఇన్‌చార్జి దగ్గర ఎవరూ పని చేయకూడదు.

సీలెంట్‌కు చెన్నై గాలి పడదు

రెండు భాగాలు కలిపే పాలీసల్ఫైడ్ సీలెంట్ డబ్బా మీద బీ-2 అని ఉంటే, కలిపిన తర్వాత 2 గంటలు వాడుకోవచ్చని అర్థం. కానీ ఆ 2 గంటలు 25 డిగ్రీలు, 50 శాతం తేమ ఉన్న గదిలో లెక్క. వేడి, తేమ పెరిగితే అది త్వరగా గట్టిపడుతుంది. నవంబరులో మన హ్యాంగర్లలో తేమ 80 శాతం దాటడం మామూలే. గడియారం చూసి ఇంకా టైముంది అనుకోవద్దు, సీలెంట్‌ను చూడండి. పాకం ముదిరినట్లు తీగలు సాగుతుంటే దాని పని అయిపోయింది. షీటును తడపదు, అంటుకున్నట్లు కనిపించి తర్వాత లేచిపోతుంది. కప్పుతో సహా పారేసి కొత్తది కలపండి. ఎంత వాడగలరో అంతే కలపండి. పాళ్లు బరువు ప్రకారం త్రాసులో తూయాలి, కంటితో కాదు. ఫ్రిజ్‌లో పెట్టిన కిట్టును గది వేడికి వచ్చాకే తెరవాలి, లేకపోతే చల్లటి డబ్బాలోకి తేమ దిగుతుంది.

ప్రైమర్‌కూ ఇదే శత్రువు. రాత్రంతా వాన పడి తెల్లవారుజామున చల్లబడ్డ స్కిన్ మీద కంటికి కనపడని నీటి పొర ఉంటుంది. స్కిన్ ఉష్ణోగ్రత మంచుబిందువు (గాలిలో తేమ నీటిగా మారే ఉష్ణోగ్రత) కన్నా కనీసం 3 డిగ్రీలు ఎక్కువ ఉంటేనే పూత వేయాలన్నది పెయింట్ పనివాళ్ల నియమం. మీ మాన్యువల్ చెప్పిన అంకె వేరే ఉంటే దాన్నే పాటించండి. తేమ, ఉష్ణోగ్రత కొలిచి, సమయంతో సహా కార్డు మీద రాయండి. సముద్రం ఇంత దగ్గరగా ఉన్న ఊళ్లో ఉప్పు గాలి బట్టబయలుగా ఉన్న అల్యూమినియంను ఎక్కువ కాలం ఊరుకోనివ్వదు. కోసిన అంచును ఆ షిఫ్టులోనే ప్రైమర్‌తో మూసేయాలి.

ఇక మీ ఒంటి సంగతి. క్రోమేట్ ఉన్న ప్రైమర్ దుమ్ము క్యాన్సర్‌కు కారణమవుతుంది. సరైన కార్ట్రిడ్జి ఉన్న మాస్కు, చేతి తొడుగులు లేకుండా గీకవద్దు. ఉక్కగా ఉందని మాస్కు గొంతు కిందికి లాగుకునేవాళ్లను రోజూ చూస్తుంటాను, చూసిన ప్రతిసారీ భయమేస్తుంది. రెక్కలోని ఇంధన ట్యాంకులోకి దిగాలంటే గ్యాస్ పరీక్ష, బయట ఒక మనిషి కాపలా తప్పనిసరి. చిప్స్‌ను గాలితో ఊదవద్దు, వ్యాక్యూమ్‌తో లాగండి. ఊదితే అవి పోయి వైర్ల కట్టల్లో కూర్చుంటాయి.

"మనవాడే కదా" అనే చోట

1979 మే 25న షికాగోలో డీసీ-10 కూలి 273 మంది చనిపోయారు. దానికి వారాల ముందు, సర్వీస్ బులెటిన్ ప్రకారం పైలాన్ (ఇంజన్‌ను రెక్కకు పట్టి ఉంచే భాగం) బేరింగులు మార్చే పనిలో, ఇంజన్‌ను, పైలాన్‌ను విడివిడిగా కాకుండా ఒకే ముద్దగా ఫోర్క్‌లిఫ్టుతో దించారు, ఎక్కించారు. పని త్వరగా అయింది. పైలాన్ వెనక భాగంలో పగులు పడింది. 1985 ఆగస్టు 12న జపాన్ ఎయిర్‌లైన్స్ 123 ప్రమాదంలో 520 మంది పోయారు. దానికి ఏడేళ్ల ముందు వెనక ప్రెషర్ బల్క్‌హెడ్ (కేబిన్ గాలి ఒత్తిడిని ఆపే వెనక గోడ) మరమ్మతులో రెండు వరుసల రివెట్లు పట్టాల్సిన చోట ఒకే వరుస పట్టేలా ప్లేటు వేశారు. పైకి పని పూర్తయినట్లే ఉంది.

హ్యాంగరులో తమిళం, తెలుగు, మలయాళం, హిందీ అన్నీ వినిపిస్తాయి. భాష కలవని మనిషికి షిఫ్టు అప్పగించేటప్పుడు జాగ్రత్తగా రాసి ఇస్తాం. తెలుగువాడు దొరికితే మాత్రం టీ తాగుతూ నోటిమాటతో సరిపెడతాం: "అన్నా, ఎడమ వైపు అయిపోయింది, కుడి వైపు కొంచెం ఉంది." ఆ "కొంచెం" ఎన్ని ఫాస్టెనర్లు? ఏ ఫ్రేము నుంచి ఏ ఫ్రేము దాకా? వాటిలో వేలితో బిగించి వదిలినవి ఎన్ని? అన్నీ కార్డు మీదికి రావాలి, తాత్కాలిక ఫాస్టెనర్ల దగ్గర ఎర్ర ట్యాగు వేలాడాలి. తీసుకునే మనిషి టార్చి పట్టుకుని మీతో పాటు వచ్చి చూసిన తర్వాతే మీరు ఇంటికి వెళ్లాలి. మీరు చూడని రంధ్రానికి మీ స్నేహితుడి కోసం సంతకం పెట్టకండి, అతను ఎంత మంచి పనివాడైనా సరే.

పూర్తయ్యాక రికార్డులో ఏడీ నంబరు, రివిజన్, ఏ పద్ధతిలో చేశాం, ఎన్ని గంటలకు, ఎన్ని సైకిళ్లకు అన్నది ఉండాలి. డబ్లర్ల బరువు బరువు–సమతూకం లెక్కలో చేరాలి. ఈ మార్పుతో ఏడీ ముగుస్తుందా, లేక కొత్త భాగానికి మళ్లీ మళ్లీ ఎడ్డీ కరెంట్ పరీక్ష (కంటికి కనపడని పగుళ్లను విద్యుత్తుతో పట్టే పరీక్ష) ఉందా అన్నది చూసి, ఉంటే తర్వాతి తేదీని ప్లానింగ్‌కు రాతపూర్వకంగా ఇవ్వండి. టూల్ బోర్డు మీద ఒక్క ఖాళీ ఉన్నా, ఆ పరికరం విమానంలోనే ఉండిపోయి ఉండవచ్చు కాబట్టి, విమానాన్ని వదలకూడదు.

ఇంటికి వెళ్లి పడుకున్నాక ఏదో ఒక ఫాస్టెనర్ మీద అనుమానం వస్తే తెల్లారేదాకా ఆగకండి. ఇన్‌చార్జికి, ఆయన ఎత్తకపోతే క్వాలిటీ విభాగానికి ఫోను చేయండి. విమానం అప్పటికే ఎగిరినా, తర్వాత దిగిన చోట ఆపి చూడవచ్చు. ఫోను చేసిన సమయం, ఎవరితో మాట్లాడారో రాసిపెట్టుకుని, మర్నాడు అదే విషయం కాగితం మీద ఇవ్వండి.