దత్తత ఫైల్ వెనక్కి వచ్చిందా? ముందు రెండో వరుస చదవండి

వేరే దేశం నుంచి బిడ్డను దత్తత తీసుకోవడానికి పంపిన ఫైల్ వెనక్కి వచ్చిందని ఎవరు ఫోన్ చేసినా నేను ముందు అడిగేది ఒకటే. అపోస్టిల్‌లో, అంటే కాగితం మీది సంతకం అసలుదేనని వేరే దేశానికి చెప్పే ప్రభుత్వ ధ్రువీకరణలో, రెండో వరుసలో ఎవరి పేరుంది? అవతల కాసేపు నిశ్శబ్దం, తర్వాత కాగితాలు తిరగేస్తున్న చప్పుడు. సీలు పడిందా లేదా అని అందరూ చూస్తారు. ఆ సీలు ఎవరి సంతకం గురించి మాట్లాడుతోందో మాత్రం చూడరు.

నోటరీ ఏం చేస్తారు, అపోస్టిల్ ఎవరు వేస్తారు అన్నవి మీకు తెలుసనే అనుకుని రాస్తున్నాను. ఒక్క సంగతి మాత్రం మళ్లీ చెప్పక తప్పదు. 1961 అక్టోబరు 5 నాటి హేగ్ ఒప్పందం ప్రకారం అపోస్టిల్ మూడింటికే పూచీ పడుతుంది: సంతకం అసలుదే, సంతకం పెట్టినవారికి ఆ హోదా ఉంది, ముద్ర ఆ ఆఫీసుదే. లోపల రాసింది నిజమా కాదా అన్నదానితో దానికి పనిలేదు.

కౌంటర్ దగ్గరే తిప్పి పంపారు

"ఈ సంతకం మా రికార్డులో లేదు" అంటారు. అపోస్టిల్ వేసే ఆఫీసు దగ్గర అధికారుల, నోటరీల నమూనా సంతకాలు ఉంటాయి. వాటితో పోల్చి చూశాకే వేస్తారు. మీ జనన ధ్రువపత్రం మీద సంతకం పెట్టిన కింది ఆఫీసు రిజిస్ట్రార్ నమూనా అక్కడ లేకపోతే, కౌంటర్లో ఉన్న మనిషి చేయగలిగింది ఏమీ లేదు. వాదించి లాభం లేదు. ఆ సంతకాన్ని పై ఆఫీసులో ధ్రువీకరించుకోండి, లేదా అదే రికార్డుకు పై ఆఫీసు నుంచి కొత్త సర్టిఫైడ్ కాపీ తెచ్చుకోండి. పాత ధ్రువపత్రమైతే రెండోదే మేలు. సంతకం పెట్టినాయన ఎప్పుడో రిటైరై ఉంటారు.

తిప్పి పంపింది నోటరీ కాగితమైతే నోటరీ రాసిన వాక్యం చదవండి. ఎక్కడ, ఏ తేదీన, ఎవరు తన ఎదుట సంతకం చేశారు అన్నవి లేకుండా ఉత్త ముద్ర, సంతకం ఉంటే చాలా చోట్ల చెల్లదు. పూరించని ఖాళీ ఒక్కటి మిగిలినా మళ్లీ వెళ్లాల్సిందే.

ఇంకోటి, తప్పు ఆఫీసుకు వెళ్లడం. మీరు ఎక్కడ ఉంటున్నారన్నది కాదు, కాగితం ఎక్కడ పుట్టిందన్నదే లెక్క. అమెరికానే చూడండి. ఒక రాష్ట్రం ఇచ్చిన పెళ్లి సర్టిఫికెట్‌కు ఆ రాష్ట్రమే అపోస్టిల్ వేయాలి. ఎఫ్‌బీఐ ఇచ్చే నేర చరిత్ర రిపోర్టుకు మాత్రం కేంద్రంలోని విదేశాంగ శాఖ వేయాలి. పుట్టింది ఒక రాష్ట్రం, పెళ్లి మరో రాష్ట్రం అయితే రెండు ఆఫీసులు తిరగక తప్పదు.

"అది హేగ్ దేశమే కదా!"

ఈ మాట వింటే నాకు తల తిరుగుతుంది. దత్తతకు సంబంధించిన హేగ్ ఒప్పందం 1993 మే 29 నాటిది. అపోస్టిల్ ఒప్పందం 1961 నాటిది. రెండూ వేరు. ఒకదాంట్లో ఉన్న దేశం రెండోదాంట్లో ఉండాలని లేదు. జపాన్‌లో అపోస్టిల్ చెల్లుతుంది కానీ అది దత్తత ఒప్పందంలో లేదు. కెనడా దత్తత ఒప్పందంలో ఎప్పటినుంచో ఉన్నా అపోస్టిల్ ఒప్పందం అక్కడ అమల్లోకి వచ్చింది 2024 జనవరి 11న. అంతకుముందు కెనడా కాగితాలకు ఎంబసీ అటెస్టేషనే దారి.

అందుకే బిడ్డ ఉన్న దేశం, కాగితం పుట్టిన దేశం రెండూ 1961 ఒప్పందంలో ఉన్నాయా, వాటి మధ్య అది అమల్లో ఉందా అని చూడండి. కొత్తగా చేరిన దేశం మీద పాత సభ్యదేశం అభ్యంతరం చెబితే ఆ ఇద్దరి మధ్య ఒప్పందం నడవదు. ఈ వివరమంతా ఈ ఒప్పందాలను చూసే సంస్థ హేగ్ కాన్ఫరెన్స్ వెబ్‌సైట్‌లోని పట్టికలో ఉంటుంది. అయిదు నిమిషాల పని. ఒప్పందం లేకపోతే నోటరీ, పై అధికారి, విదేశాంగ శాఖ, ఎంబసీ అని మెట్టు మెట్టుగా ఎక్కాలి. అయిదారేళ్ల కిందట దత్తత తీసుకున్నవాళ్లు ఇచ్చిన లిస్టు పట్టుకుని మాత్రం బయల్దేరకండి.

అపోస్టిల్ అసలుదే, అయినా వద్దన్నారు

నా చేయి కాలింది ఇక్కడే.

మా ఫైల్లో పెళ్లి సర్టిఫికెట్ ఒరిజినల్ ఇవ్వడానికి మనసొప్పలేదు. ఒకటే ఉంది, పోతే? ఫోటోకాపీ తీయించి నోటరీ దగ్గరికి వెళ్తే "ట్రూ కాపీ" అని ముద్ర వేసి సంతకం పెట్టారు. దాన్ని అపోస్టిల్‌కు ఇస్తే కిక్కురుమనకుండా వేసి ఇచ్చారు. అపోస్టిల్ మీద ఉండే నంబరును ఆన్‌లైన్ రిజిస్టర్‌లో కొట్టి చూశాను. తేదీ, నంబరు అన్నీ సరిపోయాయి. ఇక టెన్షన్ లేదనుకుని పంపేశాం. నెలల తర్వాత జవాబు వచ్చింది: వివాహ ధ్రువపత్రానికి ధ్రువీకరణ లేదు, మళ్లీ పంపండి. అపోస్టిల్ కళ్ల ముందు కనిపిస్తుంటే లేదంటారేమిటని ఒళ్లు మండి పెద్ద ఉత్తరమే రాశాను. తప్పు నాదే.

అపోస్టిల్‌లో నంబర్లు వేసిన పది వరుసలు ఉంటాయి. మొదటిది దేశం. రెండోది కాగితం మీద సంతకం ఎవరిది, మూడోది వారి హోదా, నాలుగోది ముద్ర ఎవరిది. మిగతావి ఎక్కడ, ఎప్పుడు, ఎవరు ధ్రువీకరించారు, నంబరు, ముద్ర, సంతకం. మా దాంట్లో రెండో వరుసలో నోటరీ పేరుంది. మూడో వరుసలో హోదా నోటరీ అనే ఉంది. అంటే ఆ అపోస్టిల్ చెబుతున్నది "ఈ నోటరీ సంతకం అసలుదే" అని. పెళ్లి నమోదు చేసిన రిజిస్ట్రార్ సంతకం గురించి అందులో ఒక్క ముక్క లేదు. అవతలివాళ్లకు కావలసింది రిజిస్ట్రార్. మేం పంపింది నోటరీ.

ఇందులో ఎవరూ తప్పు చేయకపోవడమే అసలు మాయ. నోటరీ తన పని చేశారు. అపోస్టిల్ ఆఫీసు దగ్గర ఆ నోటరీ నమూనా ఉంది కాబట్టి వేసింది. అవతలి దేశానికి ఏం కావాలో చూడటం వాళ్ల బాధ్యత కాదు. ఆన్‌లైన్ రిజిస్టర్ కూడా అపోస్టిల్ దొంగదా కాదా అన్నదే చెబుతుంది. సరైన సంతకం మీద పడిందా అన్నది ఎక్కడా ఎర్ర అక్షరాల్లో కనిపించదు.

దీన్ని సరిచేయడం తేలికే. కాగితం పుట్టిన రిజిస్ట్రీ నుంచి కొత్త సర్టిఫైడ్ కాపీ తీసుకోండి. ఇంట్లో ఉన్న ఒరిజినల్‌ను కదపనక్కర్లేదు, ఈ భయం వల్లే కదా నోటరీ దాకా వెళ్లింది. "విదేశంలో వాడటానికి, అపోస్టిల్ వేయించాలి" అని కౌంటర్లో చెప్పి తీసుకోండి. నమూనా ఉన్న అధికారి చేతే సంతకం పెట్టిస్తారు. జనన ధ్రువపత్రం, వివాహ ధ్రువపత్రం, విడాకుల డిక్రీ, పోలీస్ క్లియరెన్స్, వీటన్నిటికీ ఇదే దారి. వీటి అపోస్టిల్‌లో నోటరీ పేరు కనిపిస్తే ఆగి, నోటరీ కాపీ చాలునని అవతలివాళ్లు రాసిస్తేనే పంపండి.

నోటరీ పేరు ఉండాల్సిన కాగితాలూ ఉన్నాయి. మీరు రాసిన దరఖాస్తు, అఫిడవిట్, జీతం గురించి కంపెనీ ఇచ్చిన లెటర్, ప్రైవేట్ డాక్టర్ ఇచ్చిన ఆరోగ్య ధ్రువపత్రం. ఇవి ప్రభుత్వ పత్రాలు కావు కాబట్టి సంతకం చేసినవారు నోటరీ ఎదుట సంతకం చేయాలి, అపోస్టిల్ ఆ నోటరీ మీద పడాలి. పాస్‌పోర్ట్ కాపీ కూడా మామూలుగా నోటరీ దారిలోనే వెళ్తుంది.

ఇదే బొక్క ఇంకో వేషంలో వస్తుంది. ఆరేడు కాగితాలు ఒక కట్టగా కట్టి, పైన ఒక నోటరీ కాగితం పెట్టి, దానికి ఒక్క అపోస్టిల్. ఖర్చు కలిసొచ్చిందని సంబరం. ఆ అపోస్టిల్ పై కాగితానిది మాత్రమే, కింద ఉన్నవాటికి ఏమీ లేనట్టే. అనువాదాల దగ్గరా అంతే. అనువాదకుడి అఫిడవిట్‌కు అపోస్టిల్ వేయించి మూల పత్రాన్ని వదిలేస్తారు. ముందు మూల పత్రానికి వేయించి, ఆ అపోస్టిల్‌తో సహా అనువాదం చేయించండి.

పిన్ను పీకారా?

స్కాన్ చేయడానికని అపోస్టిల్ పిన్ను తీసి మళ్లీ కొట్టినవాళ్లు చాలామంది. రెండు జతల రంధ్రాలు కనిపిస్తే కాగితం మార్చారేమోనని అనుమానిస్తారు, తిప్పి పంపుతారు. దీనికి మరమ్మతు లేదు, కొత్తగా చేయించుకోవాల్సిందే. స్కాన్ కావాలంటే మూల మడిచి తీయండి. లామినేషన్ చేసిన సర్టిఫికెట్ కూడా పనికిరాదనే అనుకోండి.

"గడువు దాటింది" అన్నారు

అపోస్టిల్‌కు ఆ ఒప్పందం గడువు పెట్టలేదు. గడువు ఉండేది కింద ఉన్న కాగితానికి: పోలీస్ క్లియరెన్స్, మెడికల్, హోమ్ స్టడీ (మీ ఇల్లు, కుటుంబ పరిస్థితులు చూసి రాసే నివేదిక). ఎన్ని నెలలు, ఏ తేదీ నుంచి లెక్క అన్నది బిడ్డ ఉన్న దేశం లిస్టులో చూడండి. జనన, వివాహ పత్రాలు ముందు తెచ్చి, త్వరగా పాతబడేవి చివర తీయించండి. మా పెళ్లి సర్టిఫికెట్ కోసం ఫైల్ ఆగినప్పుడు మెడికల్, పోలీస్ రెండూ పాతబడి మళ్లీ మొదటికొచ్చాం.

అరుదుగా

పేరులో అక్షరం తేడా ఉంటే రెండు పేర్లూ ఒకరివేనని అఫిడవిట్ ఇవ్వండి, అదీ ఒప్పుకోకపోతే రికార్డునే దిద్దించాలి. పొడి ముద్ర (సిరా లేకుండా ఉబ్బెత్తుగా నొక్కేది) స్కాన్‌లో కనపడకపోతే పెన్సిల్‌తో దాని మీద రుద్దే పని మాత్రం చేయకండి. కాన్సులేట్ ఇచ్చిన కాగితానికి అపోస్టిల్ దొరకదు, ఎందుకంటే రాయబార, కాన్సులర్ అధికారులు ఇచ్చే పత్రాలను ఒప్పందం మొదటి ఆర్టికల్‌లోనే పక్కన పెట్టింది. అలాంటిది మీ ఫైల్లో ఉంటే దాన్ని ఎలా ధ్రువీకరిస్తే తీసుకుంటారో అవతలి దేశపు దత్తత అధికారులనే అడిగి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి.