పెరటి కోళ్లకి 25 లక్షల సబ్సిడీ: పోర్టల్ తెరిచే ముందు శిక్షణ సంగతి చూడండి

నేషనల్ లైవ్‌స్టాక్ మిషన్ (ఎన్‌ఎల్‌ఎం) అనే కేంద్ర ప్రభుత్వ పథకం కింద కోళ్లకి 50 శాతం సబ్సిడీ, గరిష్ఠంగా 25 లక్షలు అనే వాట్సాప్ మెసేజ్ తిరిగిన ప్రతిసారీ ఎవరో ఒకరు అడుగుతారు, మా పెరట్లో వంద కోళ్లు పెంచుకుంటాను, నాకెంత వస్తుందీ అని. ఏమీ రాదు. ఆ డబ్బు కోళ్లని ఆరుబయట తిప్పి పెంచుకునేవాళ్లకి కాదు, వాళ్లకి పిల్లల్ని తయారుచేసి ఇచ్చేవాళ్లకి. కనీసం వెయ్యి పేరెంట్ కోళ్లు (పొదిగించడానికి గుడ్లు పెట్టేవి), ఆ గుడ్లు పొదిగించే హేచరీ, పుట్టిన పిల్లల్ని నాలుగు వారాలు సాకే మదర్ యూనిట్, ఇవన్నీ ఉన్న ప్రాజెక్టు కావాలి.

వంద కోళ్లు చాలనుకుంటే దగ్గర్లోని కృషి విజ్ఞాన కేంద్రానికి వెళ్లి శిక్షణకి పేరు రాయించుకోండి. ఆ తర్వాత నాలుగు వారాలు నిండిన పిల్లల్నే కొనుక్కోండి. మీకు ఇక్కడితో అయిపోయింది.

ప్రాజెక్టు పెట్టేవాళ్లకి కూడా మొదటి మెట్టు శిక్షణే. మీకు శిక్షణో అనుభవమో ఉండాలి, లేదంటే శిక్షణో అనుభవమో ఉన్న నిపుణుణ్ని పెట్టుకోవాలి. పశువైద్య విశ్వవిద్యాలయాల్లో అడగండి, హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కేంద్ర పౌల్ట్రీ పరిశోధన డైరెక్టరేట్‌లోనూ అడగండి (వనరాజా, గ్రామప్రియ, శ్రీనిధి రకాలు వాళ్లవే). కాగితం కోసం వెళ్లి వెనక బెంచీలో కూర్చోకండి. మొదటివారం బ్రూడర్ (పిల్లలకి వెచ్చదనం ఇచ్చే బల్బుల ఏర్పాటు) కింద దాదాపు 95 డిగ్రీల ఫారన్‌హీట్ వేడి ఉండాలని ఎక్కడైనా చదవొచ్చు, కానీ పిల్లలన్నీ బల్బు కిందకి చేరి ఒకదాని మీద ఒకటి ఎక్కుతుంటే చలేస్తోందని, అంచులకి పోయి నోరు తెరిచి రొప్పుతుంటే వేడి ఎక్కువైందని ఒకసారి కళ్లతో చూస్తే థర్మామీటర్ పాడైనా టెన్షన్ ఉండదు. కొక్కెర తెగులుకి ఏడో రోజు కంట్లో టీకా చుక్క వేయడం కూడా అక్కడే చేత్తో చేసి చూడండి.

శిక్షణ సర్టిఫికెట్ వచ్చాక, దరఖాస్తు పెట్టే ఉద్యమిమిత్ర పోర్టల్‌లో ఎన్‌ఎల్‌ఎం విభాగం తెరవండి. ఆధార్, పాన్, ఫొటో, ఆ సర్టిఫికెట్, భూమి కాగితాలు (లీజు భూమైనా పర్వాలేదు), షెడ్డు వేసే చోటు ఫొటో, క్యాన్సిల్ చేసిన చెక్కు, ప్రాజెక్టు రిపోర్టు అప్‌లోడ్ చేయాలి. అన్నీ స్కాన్ చేయించండి. నేను ఫోన్‌తో తీసిన సర్టిఫికెట్ ఫొటోలో సీలు కనబడక అప్లికేషన్ తిరిగొచ్చింది, నా బద్ధకానికి ఒక నెల పోయింది.

అక్కడి నుంచి రాష్ట్ర పశుసంవర్ధక శాఖ తరఫు వాళ్లు పరిశీలిస్తారు, బ్యాంకు లోను మంజూరు చేయాలి, తర్వాత రాష్ట్ర కమిటీ సిఫార్సు చేస్తే ఢిల్లీలో ఆమోదం. చాలామంది ఆగిపోయేది బ్యాంకు దగ్గరే, కాబట్టి అప్‌లోడ్ చేయకముందే రిపోర్టు పట్టుకుని మేనేజర్‌ని కలవండి, ఫీడు ఖర్చు ఎలా వేశారని అడిగితే మీరే చెప్పగలగాలి, రిపోర్టు రాసినాయన పక్కన ఉండడు. సొంత డబ్బుతో పెట్టుకుంటే బ్యాంకు గ్యారంటీ చూపించాలి.

ఇంకోటి, సబ్సిడీలో భూమి కొనుగోలు, సొంతానికి వాడుకునే వాహనం, రోజువారీ నిర్వహణ ఖర్చు లెక్కలోకి రావు. డబ్బు కూడా ఒకేసారి పడదు, సిడ్బీ (చిన్న పరిశ్రమల అభివృద్ధి బ్యాంకు) ద్వారా రెండు సమాన విడతల్లో వస్తుంది, రెండోది యూనిట్ పూర్తయి అధికారులు వచ్చి చూశాకే. అప్పటిదాకా మేతకి డబ్బు మీ చేతిలో ఉండాలి.