ఉద్యోగి చనిపోతే పీఎఫ్, పెన్షన్, బీమా డబ్బు ఎలా తీసుకోవాలి? పన్ను దేనిమీద పడుతుంది?

పీఎఫ్ ఖాతా ఒకటే అయినా, ఉద్యోగంలో ఉండగా చనిపోయినవారి కుటుంబానికి రావాల్సినవి మూడు: పీఎఫ్ నిల్వ (ఫారం 20), నెలనెలా పెన్షన్ (ఫారం 10డి), ఈడీఎల్ఐ బీమా, అంటే పీఎఫ్‌తోపాటే ఉండే జీవిత బీమా (ఫారం 5ఐఎఫ్). నిల్వ చేతికి రాగానే పని అయిపోయిందనుకుని మిగతా రెండూ వదిలేసుకోవద్దు.

1. ముందు కంపెనీ హెచ్‌ఆర్‌ను కలవండి. యూఏఎన్‌లో (ఉద్యోగి పీఎఫ్ గుర్తింపు సంఖ్య) మరణించిన తేదీ, కారణం ‘సర్వీసులో మరణం’ అని ఎక్కించాలి. రాజీనామా అని పడితే బీమా దగ్గర చిక్కొస్తుంది.

2. నామినీ ఎవరో చూడండి. అసలు గొడవలన్నీ ఇక్కడే. పెళ్లికి ముందు తమ్ముడి పేరు రాసి ఉంటే, పెళ్లయ్యాక అది చెల్లదు. చెల్లే నామినేషన్ లేకపోతే నిల్వను కుటుంబసభ్యులకు సమానంగా పంచుతారు. మేజరైన కొడుకులకు, భర్త బతికున్న కూతుళ్లకు అందులో వాటా ఉండదు.

3. మరణ ధ్రువపత్రం, ఆధార్, పేరు ముద్రించిన క్యాన్సిల్ చెక్కు, పిల్లల పుట్టినతేదీ పత్రాలు సిద్ధం చేసుకోండి. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉండి, బ్యాంకు పాస్‌బుక్కులో ఒక్క పొడి అక్షరమే ఉంటే క్లెయిం వెనక్కి రావచ్చు. ముందే సరిచేయించండి.

4. ఈ-నామినేషన్ (ఆన్‌లైన్‌లో నమోదు చేసిన నామినేషన్) ఉంటే నామినీ తన ఆధార్‌తో పీఎఫ్ పోర్టల్‌లోనే దరఖాస్తు చేయవచ్చు. లేకపోతే మూడింటికీ కలిపి ఉన్న మరణ క్లెయిం ఫారం నింపి, కంపెనీ సంతకంతో పీఎఫ్ ఆఫీసులో ఇవ్వాలి.

బీమా లెక్క ఇది: చివరి 12 నెలల సగటు జీతానికి (రూ.15,000 మించకుండా) 35 రెట్లు, అంటే గరిష్ఠంగా రూ.5.25 లక్షలు. దానికి పీఎఫ్ సగటు నిల్వలో సగం, రూ.1.75 లక్షల వరకు కలుపుతారు. మొత్తం రూ.7 లక్షలు దాటదు.

పెన్షన్‌కు ఒక్క నెల చందా కట్టి ఉన్నా చాలు. భార్యకో భర్తకో నెలకు కనీసం రూ.1,000 వస్తుంది. ఒకేసారి ఇద్దరు పిల్లలకు, 25 ఏళ్లు నిండేవరకు, ఆ పెన్షన్‌లో 25 శాతం చొప్పున విడిగా ఇస్తారు.

ఇక పన్ను. నిల్వ మీద, బీమా మీద ఉండదు. పెన్షన్ మీద మాత్రం ఉంటుంది, అదీ జీతంగా కాదు, ‘ఇతర ఆదాయం’ కింద. కాబట్టి జీతం మీద ఇచ్చే రూ.75,000 స్టాండర్డ్ డిడక్షన్ (మినహాయింపు) వాడకూడదు. పెన్షన్‌లో మూడో వంతు లేదా రూ.25,000 (పాత పన్ను విధానంలో రూ.15,000), ఏది తక్కువైతే అది తీసేయాలి. నెలకు రూ.3,000 వస్తుంటే ఏడాదికి రూ.36,000, అందులో రూ.12,000 పోగా రూ.24,000 ఆదాయంలో చూపాలి.

చనిపోయినవారికి ఏప్రిల్ 1 నుంచి మరణించిన రోజు వరకు వచ్చిన జీతానికి రిటర్ను వేయాల్సి వస్తే, ఆదాయపు పన్ను పోర్టల్‌లో వారసులు చట్టబద్ధ ప్రతినిధిగా నమోదై వేయాలి. ఎక్కువ కోసుకున్న టీడీఎస్ (జీతంలో ముందే కోసే పన్ను) ఉంటే అది కూడా అలాగే తిరిగొస్తుంది.